బాగుందని రాయమాకండి

తీర్థయాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ఇంటింటికీ ప్రసాదం పంచుతారు. నేను మాఘమాసంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు చూసొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మా వీధివాళ్ళు "ఏం తెచ్చారండీ?" అని ఒకటే గొడవ. ఒక సంచెడు ఎండుమిరపకాయలు తెచ్చాను, వాటికంటే ఘాటుగా కడుపునిండా కోపం తెచ్చాను. మిరపకాయలు పంచేశాను. కోపం ఇదిగో, ఇక్కడ పంచుతున్నాను.

మాది కోనసీమ. కొబ్బరాకు నీడలో పుట్టి, కాలవ నీళ్ళు తాగి, కూరలో కాస్త బెల్లం వేసుకు తినే జాతి. వారపత్రికల్లో వంటలూ యాత్రలూ రాసుకునే నాకు పత్తితో ఏం పనంటారా? గుంటూరులో 'పచ్చని నేల సంఘం' అని ఒకటి ఉంది. పురుగుమందులు నేలనీ నీళ్ళనీ మనుషుల్నీ చంపేస్తున్నాయి, రచయిత్రులు కళ్ళారా చూసి నాలుగు మాటలు రాయాలి అని వాళ్ళు కబురు పెట్టారు. రానూపోనూ ఖర్చులు, బస, భోజనం అన్నీ వాళ్ళవే. ఊరకే వస్తే ఫినాయిలైనా తాగే దేశం మనది. నేను మాత్రం తక్కువ తిన్నానా, పెట్టె సర్దేశాను.

ఒక్కటి ముందే చెప్పాలి. మందు సంగతి అబద్ధం కాదు. తెల్లదోమ పత్తిని నమిలేసింది, దాని మీద కొట్టిన మందులు రైతుని నమిలేశాయి. ఆ జిల్లాల్లో ఏ ఊళ్ళో దిగినా ఆ ఏడుపు వినపడుతుంది. నా కోపం ఆ ఏడుపు మీద కాదు, ఆ ఏడుపుని పంచుకు తిన్నవాళ్ళ మీద.

గుంటూరు

గుంటూరులో ముందు పలకరించేది మనుషులు కాదు, మిరప ఘాటు. రిక్షా మార్కెట్ యార్డు వైపు తిరిగేసరికి నాకు తుమ్ముల మీద తుమ్ములు. రిక్షావాడు వెనక్కి తిరిగి చూసి, "కొత్తాండీ?" అన్నాడు జాలిగా. యార్డులో ఎర్రటి గుట్టల మధ్య ఆడవాళ్ళు కూర్చుని కాయలు ఏరుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక్కరికీ ముక్కు కారడం లేదు. ఒకామె ఆ గుట్ట పక్కనే చంటిబిడ్డకు పాలిస్తోంది.

భోజన హోటల్లో అయిదు రూపాయలకు విస్తరి నిండా పెట్టారు. అందులో నేను తినగలిగింది పెరుగన్నం ఒక్కటే. పప్పులో మిరపకాయ, పచ్చడిలో మిరపకాయ, మజ్జిగలో నానబెట్టి వేయించిన మిరపకాయ. సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ కొంటే, నంజుకోడానికి మళ్ళీ పచ్చిమిరపకాయ పెట్టాడు! "ఇదెందుకయ్యా?" అన్నాను. "బజ్జీలోది చప్పగా ఉంటదండి" అన్నాడు.

మర్నాడు పొద్దున సంఘంవాళ్ళ సదస్సు. హాలు గుమ్మంలో అడుగుపెట్టగానే గుప్పున మందు కంపు. దోమలున్నాయని తెల్లవారుజామునే హాలంతా పంపు కొట్టించారట! విషం వద్దు, విషం వద్దు అని వేదిక మీద అరుస్తుంటే, కింద మేమంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని విన్నాం. ఈ మాట రాస్తే కల్పించానంటారు. నాకంత కల్పన చాతకాదు.

సంఘానికి పెద్ద సాంబశివరావు గారు. నలభై ఏళ్ళుంటాయి. ఖద్దరు లాల్చీ, భుజాన గుడ్డసంచి, మాట తేనె. ఆయన పక్కన ఒక దొరసాని. సంఘానికి డబ్బులు పంపే బయటి దేశపు సంస్థ తరఫున ఆ డబ్బులు ఏమవుతున్నాయో చూడ్డానికి వచ్చింది. నేతచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, అందరికీ నమస్కారాలు పెడుతోంది. పాపం మంచి మనిషే. ఆవిడకి ఏం చూపించాలో అదే చూపిస్తున్నారు, అంతే.

సదస్సు సగంలో బయట గోల మొదలైంది. నల్లజెండాలు పట్టుకుని ఓ వంద మంది, "మా నోటికాడ కూడు తీసే పచ్చసంఘం డౌన్ డౌన్!" అంటున్నారు. వాళ్ళది 'రైతు రక్షణ సమితి' అట. వాళ్ళ నెత్తిన కొత్త టోపీలు, టోపీల మీద పురుగుమందు డబ్బా బొమ్మ. ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నాయన భారీ మనిషి, సఫారీ సూటు, వేళ్ళకు ఉంగరాలు. ఆయన పేరు వెంకటరత్నం.

"ఆయన మా సారుకి సొంత అన్నగారేనండి" అన్నాడు నా పక్కన నిలబడ్డ మస్తాను. మస్తాను సంఘం జీపు డ్రైవరు. నన్ను తిప్పే పని అతనికి అప్పగించారు.

"అయ్యో! అన్నదమ్ములకి పడదా?"

మస్తాను నన్ను ఎగాదిగా చూశాడు. "ఎందుకు పడదండి? ఆయన జీపూ మా జీపూ రాత్రికి ఒకే షెడ్డులో పడుకుంటయ్. ఇది మా వైపు మామూలేనండి అమ్మగారూ. పెద్ద ఇంట్లో అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ. ఎవడు గెలిచినా మనోడు గెలిచినట్టే గదా. ఇప్పుడు పార్టీల తోటి సంఘాలు గూడా వచ్చినయ్."

మా కోనసీమలోనూ అన్నదమ్ములు కొట్టుకుంటారు. కానీ నిజంగానే కొట్టుకుంటారు. ఇంత ఏర్పాటుగా కొట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

పేట దాటాక

మర్నాడు సంఘం జీపులో పత్తి ఊళ్ళకు బయల్దేరాం. చిలకలూరిపేటను ఆ వైపు వాళ్ళు ఉట్టి 'పేట' అంటారు. మా అమలాపురం బజారులో బట్టల కొట్లు ఎన్నో, పేటలో పురుగుమందుల కొట్లు అన్ని. కొట్టు కొట్టుకీ రంగు దీపాలు, దేవుడి పటాలు. ఒక చోట మందు డబ్బా కొంటే స్టీలు గ్లాసు ఉచితమట. అందులో పెద్ద కొట్టు వెంకటరత్నం గారిదే. గల్లాపెట్టె వెనక అన్నదమ్ములిద్దరూ భుజాల మీద చేతులు వేసుకున్న ఫోటో ఉంది.

పేట దాటి వెళ్ళిన ఊరి పేరు రాయను. అక్కడి మనుషులు ఇంకా అక్కడే బతకాలి. రోడ్డు పక్కనే ఎకరన్నర నల్లరేగడి చేను. భూమి అన్నదమ్ములది, సేద్యం దేవసహాయానిది. ఏళ్ళ తరబడి నోటిమాట మీద కౌలుకి చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి, ముందు పలుచటి జుట్టు, నవ్వితే సగమే నవ్వుతాడు. ఆయన భార్య శాంతమ్మ మాత్రం అసలు ఆగకుండా మాట్లాడుతుంది. చేను గట్టు మీద ఒక బోర్డు పాతి ఉంది: 'ఈ చేలో విషం లేదు. పచ్చని నేల సంఘం.'

బోర్డు బాగానే ఉంది. దాని కింద పత్తి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఆకులు ముడుచుకుపోయి, నల్లటి జిగురు కారి, కాయలు పురుగు తొలిచి ఎండిపోయాయి. దొరసాని అయ్యో అయ్యో అనుకుంటూ ఫోటోలు తీసుకుంది. సాంబశివరావు గారు ఇంగ్లీషులో అందుకున్నారు, ఇన్నేళ్ళ విషం ఈ నేలలో ఎలా ఇంకిపోయిందో, ఇప్పుడు వేపకషాయంతో నేల ఎలా కోలుకుంటోందో. దేవసహాయం "దండాలండి" అన్న ఒక్క మాటనీ ఆయన నిముషం సేపు తర్జుమా చేశారు.

నాకు నిలబడి ఉపన్యాసాలు వినే ఓపిక లేదు. గట్టెంబడి అటుపక్కకి నడిచాను. బోర్డు వెనక వైపు చూస్తే అక్కడా అక్షరాలే! 'మేలైన మందు, మేలైన పంట. రైతు రక్షణ సమితి.' ఎవరి జీపు వస్తే వాళ్ళ వైపు తిప్పి పాతుతారన్నమాట. నవ్వొచ్చింది. కానీ దాని వెనక చేను చూసి నవ్వు ఆగిపోయింది. రోడ్డు పక్కన తెరలా అడ్డంగా ఉన్న నాలుగు సాళ్ళే ఎండిపోయాయి. వాటి వెనక ఛాతీ ఎత్తు పత్తి, మొక్కమొక్కకీ పగిలిన కాయలు, పాలు పొంగినట్టు ఉంది.

ఎవరో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. శాంతమ్మ.

"అమ్మా, నీకు పుణ్యముంటది. చూశానని చెప్పమాకమ్మా."

"ఎందుకు? ఇంత బాగా పండించారు కదా!"

దేవసహాయం కూడా తల తుడుచుకునే వంకతో ఇటు వచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "మీరు రాసే అమ్మగారంట గదండి. మా చేను బాగుందని మాత్రం రాయమాకండి. చినసారుకి బయటి దేశపోళ్ళ డబ్బుతో ట్రైనింగు బిల్డింగు కట్టాలని ఉంది. పెదసారుకి గోడౌను కట్టాలని ఉంది. ఇద్దరికీ రోడ్డు పక్క నేల కావాల. ఏ చేను బాగుంటే ఆ చేను నా పుణ్యమేనని తీసుకుంటారు. అందుకే ఈ నాలుగు సాళ్ళూ మందూ కొట్టలా, కషాయమూ కొట్టలా. ఎండబెట్టి పెట్టా."

పసిబిడ్డకి దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెడతాం. ఈయన చేనుకే చుక్క పెట్టాడు. సొంత పంటని పురుగుకి వదిలేసి చుక్క పెట్టుకోవలసిన రైతుని నేను మొదటిసారి చూశాను. సరే నాయనా, నా నోట రాదు అన్నాను.

నా నోట రాలేదు. వేరే దారిన వచ్చింది.

దొరసాని నా దగ్గరకొచ్చి చెవిలో ఏదో గొణిగింది. పొద్దున్నుంచి గుంటూరు మజ్జిగ తాగీ తాగీ ఆవిడకి ఇక ఆపుకునే పరిస్థితి లేదు. ఆ ఊళ్ళో మరుగుదొడ్డి లేదు. నేల గురించి, నీటి గురించి ఇంత యజ్ఞం చేస్తున్న సంఘానికి ఆడమనిషి ఎక్కడికి వెళ్ళాలన్న ఆలోచన రాలేదు. సాంబశివరావు గారు ఎటో చూస్తూ నిలబడ్డారు. శాంతమ్మ "పేటలో మా ఇంటి వెనక తడిక ఉందమ్మా, రండి, రండి" అని బతిమాలుతూనే ఉంది. అక్కడ పేట అంటే వాళ్ళ క్రైస్తవుల వాడ. ఆవిడ అంతసేపు ఆగలేకపోయింది. చీర ఎత్తిపట్టుకుని, ఎండిన నాలుగు సాళ్ళు దాటి, ఎత్తయిన పత్తిలోకి దూరిపోయింది.

శాంతమ్మ మొహం తెల్లబోయింది. "అయిపోయిందయ్యా" అంది మొగుడితో.

కాసేపటికి దొరసాని బయటికొచ్చింది. వెళ్ళినప్పటి సిగ్గు లేదు. రెండు చేతుల నిండా పత్తి, జుట్టు నిండా పత్తి. "వండర్‌ఫుల్! వండర్‌ఫుల్!" అని గంతులు వేస్తోంది. సాంబశివరావు గారు పరిగెత్తుకెళ్ళి లోపల చూశారు. ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే తేరుకుని, ఇదంతా వేపకషాయం మహిమేనని అందుకున్నారు.

అంతలో తెల్లజీపు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. వెంకటరత్నం గారు దిగారు. ఎవరో కబురు చేరవేశారు. ఆయనా చేలోకి తొంగిచూసి, "వేపాకు రసానికి ఇంత పత్తి కాస్తదంటరా? ఇది మా మందు!" అన్నారు.

"విషం అమ్ముకునేవాళ్ళ మాటలు ఎవరూ నమ్మరు!"

"బయటి డబ్బు తినేవాళ్ళ మాటలు నమ్ముతారా?"

ఊరంతా గట్టు మీద చేరింది. ఇద్దరూ వేలు చూపించుకుంటూ తిట్టుకుంటున్నారు. ఒకరిని ఒకరు మాత్రం తాకరు. చివరికి ఇద్దరూ ఒకేసారి దేవసహాయం మీద పడ్డారు. "చెప్పరా, ఏం కొట్టావు?"

దేవసహాయం చేతులు కట్టుకున్నాడు. "ఇద్దరూ ఇచ్చిందీ తలా కాస్త కొట్టానండి. ఏది పనిచేసిందో ఏసయ్యకే తెలవాల."

ఒకే వంటిల్లు

దొరసానిని కారులో గుంటూరు పంపేసి, ఆ సాయంత్రం అన్నదమ్ములు నన్ను భోజనానికి, బసకి ఇంటికి పిలిచారు. ఆ ఊళ్ళోనే, షెడ్డులో రెండు జీపులూ పక్కపక్కనే ఉన్న ఇల్లు. పీటలు వేశారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. అన్నగారు నేతిగిన్నె అందుకుని ముందు తమ్ముడికి వడ్డించారు. "గొంతు బొంగురుపోయిందిరా, నెయ్యి వేసుకో" అన్నారు ఎంతో ప్రేమగా.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గోంగూర తింటూ తింటూనే అంతా తేల్చేశారు. రోడ్డు వైపు దొరసాని డబ్బుతో శిక్షణ కేంద్రం. దాని వెనక మందుల కంపెనీవాళ్ళ డబ్బుతో గోడౌను. మంత్రిగారు అన్నగారి పార్టీ, ఆయన వచ్చి శంకుస్థాపన చేస్తారు. రేపు ప్రభుత్వం మారితే బిల్డింగు తమ్ముడి పార్టీ పేరు మీద తెరుస్తారు. సోమవారం మంచి రోజు. అప్పటిదాకా దేవసహాయం చేలో ఒక్క కాయ తీయకూడదు. మంత్రిగారూ దొరసానీ ఆ తెల్లటి పత్తి ముందు నిలబడి ఫోటో దిగాలి. ఆ తర్వాత ట్రాక్టరు తిరుగుతుంది.

"మరి దేవసహాయం?" అన్నాను.

"కౌలు నోటిమాటేనండి మహాలక్ష్మి గారూ" అన్నారు వెంకటరత్నం గారు.

"నోటిమాట మీద ఇన్నేళ్ళు చేశాడంటే, మాట గట్టిదనే కదండీ?"

ఇద్దరూ తినడం ఆపి నన్ను చూశారు. తేనె మాటల తమ్ముడే అందుకున్నారు. "అన్యాయం చేస్తామాండీ? కేంద్రంలో వాచ్‌మన్‌గా పెట్టుకుంటాం. నెలజీతం. పంట నష్టం సంగతి కూడా చూస్తాంలెండి."

సొంతంగా పండించుకున్న చేనుకి కాపలావాడు! గోంగూర ముద్ద విస్తట్లోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని లేచాను. వెంకటరత్నం గారి భార్య నా వెనకే పెరుగు గిన్నె పట్టుకొచ్చి, "మొగోళ్ళ మాటలు మనకెందుకులెండి, కాస్త పెరుగైనా వేసుకోండి" అంది. అతిథి మర్యాదకి మాత్రం గుంటూరు జిల్లాకు ఎవరూ సాటి రారు.

చీమకుర్తి

శనివారం మస్తాను శంకుస్థాపన రాయి తేవడానికి చీమకుర్తి బయల్దేరాడు. ఆ ఇంట్లో కూర్చోలేక నేనూ జీపెక్కాను. ఒంగోలు దాటాక లారీల వరస. ఒక్కో లారీ మీద ఇల్లంత నల్లరాయి. కొండను మైసూరుపాకులా కోసి అమ్ముతున్నారు. రాళ్ళు కోసేచోట పొడి మంచులా కమ్మింది. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన కూలీలు మూతికి గుడ్డ కూడా లేకుండా పనిచేస్తున్నారు. టీ కొట్టులో గ్లాసు మీద కూడా పొడి. ఊది తాగాను.

క్వారీ యజమాని రాయిని పచ్చని నేల సంఘానికి ఉచితంగా ఇచ్చాడు. ఏటా సంఘానికి చందా కూడా ఇస్తాడట.

"ఈ పొడి గురించి మీ సంఘం ఏమీ అనదా?" అన్నాను మస్తానుతో.

"ఏమంటదండి? మా సంఘం పొలాల సంఘం. కొండలు మా కిందికి రావు" అన్నాడు. తర్వాత తనే నవ్వాడు. "చందా ఇచ్చేదే అందుకు గదండి."

ఫోను చేస్తే రాత్రికి రాత్రే చెక్కేశారట, రాయి తయారుగా ఉంది. అద్దంలా మెరుస్తోంది. మంత్రిగారి పేరు, దొరసాని పేరు, అన్నదమ్ములిద్దరి పేర్లూ పక్కపక్కన. ఊరి పేరు కూడా ఉంది. ఆ నేల దున్నినవాడి పేరు ఉంటుందేమోనని వెనక్కి కూడా తిప్పించి చూశాను. లేదు. నాకు బోర్డు వెనక చూసే అలవాటు అయిపోయింది.

ఆదివారం

అన్నదమ్ములు పొద్దున్నే గుంటూరు వెళ్ళారు, మంత్రిగారిని, దొరసానిని వెంటబెట్టుకు రావడానికి. సోమవారం ట్రాక్టరు వస్తుందనీ, అప్పటిదాకా పత్తి ముట్టుకోవద్దనీ దేవసహాయానికి ముందురోజే చెప్పేశారు గానీ, చేనుకి కాపలా పెట్టలేదు. ఎందుకు పెడతారు? ఆదివారం పేటలో ఎవరూ పనికి రారు. మిరపకాయలు కళ్ళంలో తడిసిపోతున్నా, ఎంత కూలి ఇస్తామన్నా, ఆదివారం ఏసయ్య గుడికే గానీ చేనికి పోరు. ఆ జిల్లాలో అందరికీ తెలిసిన సంగతి. కాపు ఇళ్ళవాళ్ళు కూడా ఆ రోజుకి పనులు పెట్టుకోరు.

గుడి గంట విని నేను పేట వైపు నడిచాను. దేవసహాయానికి ఏం చెప్పాలో తెలియదు, కానీ ఆ ఇంట్లో కాఫీ మళ్ళీ తాగబుద్ధి కాలేదు. గుడిలో అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. చివర చాప మీద కూర్చున్నాను. పాటలయ్యాక పాస్టరుగారు లేచారు. ఆయన్ని అక్కడ అయ్యగారు అంటారు. సన్నటి ముసలాయన. ఆయన ప్రసంగం మొదలుపెట్టబోయి, ముందు వరసలో తలవంచుకు కూర్చున్న దేవసహాయాన్ని చూసి ఆగిపోయారు.

"ఇవాళ వాక్యం నేను చెప్పను. ఆరాధన చేలో ముగిద్దాం. రండి" అన్నారు.

ఎవరూ ఎందుకని అడగలేదు. అందరికీ ముందే తెలుసేమో కూడా. గుడి బయట చెప్పులు వేసుకుని, తెల్ల చీరలతో, తెల్ల పంచెలతో పేట మొత్తం చేను వైపు నడిచింది. అయ్యగారు ముందు. నేను చివర. కొంగులు మూటలు కట్టుకుని సాళ్ళలోకి దిగారు. పాట ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు పలుకుతున్నారు, చేతులు మాత్రం ఆగడం లేదు. రోడ్డు మీంచి చూస్తే మనుషులెవరో పత్తి ఏదో తెలియదు.

నేనూ దిగాను. పత్తి తీయడం చూడ్డానికి తేలిక. ఎండిన కాయ డొప్పలు సూదుల్లా ఉంటాయి. కాసేపటికి వేళ్ళు నెత్తురోడాయి. శాంతమ్మ నా చెయ్యి చూసి "అమ్మగారికి అలవాటు లేదు, కూర్చోండి" అంది. కూర్చోనన్నాను. ఆ నాలుగైదు రోజుల్లో నాకు కోపం రాని పూట అదొక్కటే.

బాగా పగిలినవి, సగం పగిలినవి, పచ్చికాయలు కూడా వదల్లేదు. ఎండలో పోస్తే విచ్చుకుంటాయట. పొద్దు వాలేసరికి చేలో కట్టె తప్ప ఏమీ మిగల్లేదు. రోడ్డు పక్కన ఎండిన నాలుగు సాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

సోమవారం

షామియానా, మైకు, పూలదండలు. మంత్రిగారు కారు దిగి, "ఏదయ్యా ఆ పత్తి?" అన్నారు. సాంబశివరావు గారు చెయ్యి చాపి చూపించబోయి, చెయ్యి అలాగే గాల్లో ఉంచేశారు. ఎదురుగా నాలుగు సాళ్ళు పురుగుపట్టిన పత్తి. వెనక ఉట్టి కట్టె.

"దొంగతనం!" అని అరిచారు వెంకటరత్నం గారు. "ఒరేయ్ దేవసహాయం! ఏమైందిరా పత్తి?"

"ఇంటికాడ ఉందండి."

"సోమవారం దాకా ముట్టుకోమాక అన్నామా లేదా?"

"నేను ముట్టుకోలేదండి. మా పేట ముట్టుకుంది."

షామియానా వెనక నుంచి ఆడవాళ్ళ నవ్వు వినపడింది. నేనూ నవ్వాను, బాహాటంగానే. పని చెడిందని సంతోషించాను కూడా. ఎంత పిచ్చిదాన్ని! అలాంటివాళ్ళ పని ఎక్కడైనా చెడుతుందా?

సాంబశివరావు గారు మైకు అందుకున్నారు. "చూడండి ఈ ఎండిన పైరు! విషం చేసిన పాపం ఇది. ఇక్కడే, ఈ శ్మశానంలోనే మన కేంద్రం లేస్తుంది." దొరసాని నాలుగు సాళ్ళనీ మళ్ళీ ఫోటో తీసుకుంది. ఆవిడకి ఏం అర్థమైందో నాకు తెలియదు. తర్వాత అన్నగారు మైకు అందుకుని, వేపరసం నమ్ముకుంటే చేను ఇలాగే ఎండుతుందన్నారు. ఆ నాలుగు సాళ్ళే ఇద్దరికీ పనికొచ్చాయి. చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి. కొబ్బరికాయ కొట్టారు, నల్లరాయి నిలబెట్టారు.

చివర్లో సాంబశివరావు గారు దేవసహాయాన్ని చెయ్యిపట్టుకుని మైకు ముందుకు లాక్కొచ్చారు. "ఈ పేదరైతుని మా కేంద్రంలో వాచ్‌మన్‌గా తీసుకుంటున్నామని సంతోషంగా ప్రకటిస్తున్నాను!" మళ్ళీ చప్పట్లు.

దేవసహాయం రాయి వైపు చూశాడు. మైకు నోటి ముందే ఉందని గమనించలేదనుకుంటాను. మామూలుగా మాట్లాడినట్టే అన్నాడు గానీ ఊరంతా వినపడింది.

"కాపలాకి ఇక్కడేముందండి? ఈ రాయిని ఎవడెత్తుకుపోతాడు?"

తువ్వాలు భుజాన వేసుకుని దిగిపోయాడు.

నేను పెట్టె తీసుకుని బస్సు ఆగేచోటికి వచ్చేశాను. సంఘం జీపు వద్దన్నాను. శాంతమ్మ నన్ను సాగనంపడానికి వచ్చింది. చంకలో ఆ బోర్డు ఉంది. పీక్కొచ్చేసిందట, మేకల కొట్టానికి తలుపు చేస్తుందట. ఏ వైపు బయటికి పెడతావని అడిగాను. "మేకలకి చదువు రాదు గదమ్మా" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. ఎన్నేళ్ళ చేను! వాళ్ళ పెళ్ళయిన ఏడు పట్టిన కౌలట. ఈ పత్తి అమ్ముకుంటే ఒక ఏడు గడుస్తుంది. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాం కూలికి పోవాలి.

కొంగు ముడి విప్పి నా చేతిలో గుప్పెడు పత్తి పెట్టింది. "దేవుడికి వత్తులు చేసుకో అమ్మా. మీ దేవుడే అనుకో."

బస్సు వచ్చింది. నేను ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, చువ్వ పట్టుకుని, వెనక చేను వైపు ఒకసారి చూసింది.

"ఆయన ఆ రోజు రాయొద్దన్నాడు గానీ, ఇప్పుడు రాసుకో అమ్మా. మా చేను బాగుందని రాసుకో. ఇంక తీసుకపోటానికి ఏముంది?"

సంఘంవాళ్ళు వ్యాసం ఎప్పుడు పంపుతారని రెండుసార్లు అడిగించారు. వాళ్ళకేమీ పంపలేదు. శాంతమ్మ రాయమంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ చేను చాలా బాగుంది.